సెమీ స్లిక్‌లు తర్వాత, ముందు గాలి సంగతి చూడండి

గురూ, చెన్నై రేస్ ట్రాక్‌లో నాలుగో ల్యాప్ (చుట్టు) నుంచి కారు జారుతోంది, ముందు టైర్ల బయటి అంచులు అరిగిపోయాయి, సెమీ స్లిక్‌లు (ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువుండే టైర్లు) కొననా అని అడిగారు. ఇప్పుడే వద్దు.

మీరు చల్లటి టైర్‌లో 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టి దిగానన్నారు. టైర్ లోపల ప్రతి 5-6 డిగ్రీల వేడికి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. నాలుగు ల్యాప్‌లకి 43 దాటినా ఆశ్చర్యం లేదు. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కారు ఆపే చోటికి) రాగానే, చల్లారకముందే కొలిచి 37 దగ్గరికి దించండి. ఆపైన ఒక్కో పీఎస్‌ఐ అటూ ఇటూ మార్చి చూడండి. టైర్ అంచు నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో గీత గీయండి. చాలా టైర్లకి అక్కడ చిన్న త్రికోణం గుర్తుంటుంది. గీత దాన్ని దాటి చెరిగితే గాలి మరీ తగ్గించేశారన్నమాట.

గాలి కొలిచే గేజ్ మాత్రం సొంతది కొనుక్కోండి. మా వైజాగ్‌లో మద్దిలపాలెంలో ఒక బంకు, ఎన్‌ఏడీ దగ్గర ఇంకో బంకు, నా టైర్‌కే మూడు పీఎస్‌ఐ తేడా చూపించాయి!

బయటి అంచే అరగడం ఎక్కువగా కేంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) చాలకే. ముందు చక్రాలకి మైనస్ ఒకటిన్నర డిగ్రీ పెట్టించి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) కూడా సరిచేయించండి.

తిరుగు ప్రయాణానికి ముందు గాలి నింపడం మరవకండి, వైజాగ్ దాకా దాదాపు 800 కిలోమీటర్లు. సెమీ స్లిక్‌లతో వానలో భీమిలి బీచ్ రోడ్డు ఎక్కితే నీళ్ల మీద తేలిపోతారు.