సమాధానం: బాపుకు పొద్దున లేవగానే కళ్లు తిరగడం, రోజుకు తొమ్మిది గోలీలు

మీ బాపుకు (నాన్నకు) కళ్లు ఎందుకు తిరుగుతున్నాయని అడుగుతూ మీరు రాసిన మందుల లిస్టులో ఒకే బీపీ మందు రెండుసార్లు ఉంది. పరకాల డాక్టర్ రాసిన టెల్మా 40, హన్మకొండ గుండె డాక్టర్ రాసిన టెల్మికైండ్ 40, రెండూ టెల్మిసార్టాన్ అనే ఒకే మందు. బీపీ బాగా పడిపోయి కళ్లు తిరుగుతుండవచ్చు.

1. తర్వాతి డోసుకు ముందే ఇద్దరిలో ఒక డాక్టర్‌కు ఫోన్ చేసి ఈ రెండు పేర్లూ చదివి వినిపించండి. ఏది ఆపాలో ఆయననే చెప్పనివ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: గోలీల షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాంతోపాటు చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి. ప్రతి షీటు మీది మందు పేరూ ఒక కాగితం మీద రాయండి, పక్కన ఎన్ని మిల్లీగ్రాములో కూడా. కొన్నిసార్లు ఒకే గోలీలో రెండు మందులు ఉంటాయి. టెల్మా-ఏఎంలో టెల్మిసార్టాన్‌తో పాటు అమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు ఉంటుంది. మెడికల్ షాపులో షీటు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క పోతుంది, అందుకే పూర్తి షీటు అడగండి.

3. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మోకాళ్ల నొప్పుల గోలీలు కూడా రాయండి. డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పెద్దవాళ్లు వీటిని మందుల లెక్కలోనే వేయరు, గుచ్చి గుచ్చి అడగాలి.

4. షీట్లన్నీ ఒకే సంచిలో వేసుకుని ఒక్క డాక్టర్‌కు చూపించండి. కూర్చున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూడమనండి.

షుగర్ గోలీలు కూడా ఉన్నాయన్నారు కదా, కళ్లు తిరిగినప్పుడు షుగర్ కూడా చెక్ చేయండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉంటే, వెంటనే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.