అల్లికలో సందేహాలు: మొదటి వరుస దగ్గరే తేడా వస్తే

ప్రశ్న (నరసాపురం దగ్గర పల్లె నుంచి ఒక పాఠకురాలు): లేసు అల్లడం చిన్నప్పటి నుంచీ వచ్చండి. రెండు సూదుల అల్లిక ఈమధ్యే నేర్చుకుని మనవడికి ఊలు టోపీ అల్లాను. పైనంతా మెత్తగా సాగుతోంది, అంచు మాత్రం సాగక తలకి ఎక్కడం లేదు. లావు సూదితో కుట్లు ఎక్కించి (అంటే మొదటి వరుస సూది మీద వేసి) చూసినా అంతే. ఎక్కడ తప్పు?

జవాబు: తప్పు మీ లేసు చేతిలోనే ఉందండి. లేసుకి ప్రతి కుట్టూ బిగించాలి, అప్పుడే పువ్వు నిలబడుతుంది. అదే అలవాటుతో ఇక్కడా ఒక్కో కుట్టు ఎక్కించగానే దారాన్ని ఒక లాగు లాగుతున్నారు.

మీరు వేసింది మామూలు లాంగ్ టెయిల్ పద్ధతి అనుకుంటున్నాం: తోక దారం (విడిగా వదిలిన కొస) బొటనవేలికి, ఉండ దారం (ఉండ నుంచి వచ్చేది) చూపుడువేలికి తగిలించి ఎక్కించేది. దీంట్లో సూది మీద ఉండే ఉచ్చులు వేరు, వాటి కింద కుట్టు నుంచి కుట్టుకి నడిచే తోక దారం వేరు. లావు సూది తీసుకుంటే ఉచ్చులే పెద్దవవుతాయి. అంచు సాగాలంటే కింది పోగుకి నిడివి ఉండాలి, అది సూది లావుతో రాదు. అందుకే మీకు మొదటి వరుస వదులుగా, చిల్లులు చిల్లులుగా కనిపిస్తూనే అంచు బిగుసుకుపోయింది.

4 మిల్లీమీటర్ల సూదే ఉంచండి. కొత్త కుట్టుని పాత కుట్టుకి ఆనించకుండా మధ్యలో 3 మిల్లీమీటర్లు వదలండి. పాత కుట్టు మీద కుడి చూపుడువేలు ఆనించి ఉంచితే ఆ సందు దానంతట అదే వస్తుంది. 20 కుట్లతో నాలుగు వరుసల రిబ్ (నిలువు గీతలుగా వచ్చే సాగే అల్లిక) అల్లి చేత్తో సాగదీసి చూడండి. పై బట్ట ఎంత సాగితే అంచూ అంత సాగాలి. ముందే ఆగిపోయి కింద తాడులా గీత తేలితే విప్పేయండి.

టోపీలకీ మేజోళ్లకీ మేము చెప్పేది జెర్మన్ ట్విస్టెడ్ పద్ధతి. దారాలు పట్టుకోవడం లాంగ్ టెయిల్ లాగే. సూది మొనని బొటనవేలి దగ్గరున్న రెండు పోగుల కిందుగా పోనివ్వండి. అక్కడి నుంచి పైకి తెచ్చి, ఆ రెండు పోగుల నడుమకి దించి, వెనక పోగుని పట్టుకుని మీ వైపుకి తీసుకురండి. బొటనవేలి దగ్గర ఉచ్చు మెలితిరుగుతుంది. ఇప్పుడు చూపుడువేలి పోగుని పైనుంచి అందుకోండి. బొటనవేలిని కాస్త వంచితే మెలిక విడి సందు కనిపిస్తుంది. సూదిని ఆ సందులోంచి దించి బొటనవేలు వదిలేయండి. మెల్లగా సర్దండి, లాగొద్దు. ఆ అదనపు మెలిక దగ్గరున్న దారమే అంచుకి సాగే గుణం ఇస్తుంది. పది పదిహేను కుట్లు అయ్యేదాకా చెయ్యి తడబడుతుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇంకొక మాట. మిగిలిపోయిన లేసు నూలుతో టోపీ అంచు అల్లకండి. నూలుకి ఊలుకున్నట్టు తిరిగి ముడుచుకునే గుణం లేదు. ఒకసారి సాగిందంటే అలాగే వేలాడుతుంది.

ప్రశ్న (పాలకొల్లు): 72 కుట్లు ఎక్కించాలి. అరవై దాటేసరికి తోక దారం అయిపోతోంది. ఎంత వదలాలి?

జవాబు: దారాన్ని సూదికి పది చుట్లు చుట్టి, విప్పి కొలవండి. 18 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 72 కుట్లకి దాదాపు 130, చివర కుట్టుకోవడానికి 20 కలిపితే 150 సెంటీమీటర్లు. అంటే మూడు మూరల పైచిలుకు. జెర్మన్ ట్విస్టెడ్‌కి ఇంకో ముప్పావు మూర కలుపుకోండి. రెండొందల కుట్ల శాలువాకి ఈ లెక్కలు వద్దు. రెండు ఉండల కొసలు కలిపి జారుముడి వేసి, ఒకటి బొటనవేలికి, రెండోది చూపుడువేలికి తగిలించి ఎక్కించండి. అయ్యాక ఒక దారం తెంచేయండి. ఆ ముడిని కుట్టుగా లెక్కపెట్టొద్దు, మొదటి వరుస అయ్యాక విప్పేయాలి.

ప్రశ్న (అమలాపురం): అమెరికా వాళ్ల వీడియో చూసి 8 నంబరు సూదితో అల్లాను. కుట్లు సరిగ్గా లెక్కపెట్టాను, అయినా పిల్లకి కావలసిన టోపీ బొమ్మకి సరిపోయేలా వచ్చింది.

జవాబు: అమెరికా 8 నంబరంటే 5 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో నడిచేది పాత బ్రిటిష్ లెక్క, అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లే. మనకి నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, వాళ్లకి లావవుతుంది. వాళ్ల 8 మన 6, వాళ్ల 6 మన 8. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసి కొనండి.

ప్రశ్న (భీమవరం): స్టోలు రెండు కొసలా లేసు అంచు ఒకేలా రావాలి. మొదలు ఒకలా, ముగింపు ఒకలా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులకీ అల్లండి. దానికి తర్వాత విప్పేసే అంచు కావాలి, మీరు లేసు అల్లే కొక్కెం సూది ఇక్కడ పనికొస్తుంది. స్టోలు 60 కుట్లదైతే, వేరే రంగు నున్నటి నూలుతో 65 చైన్లు వేయండి. లేసుకి వాడే సన్న సూది వద్దు. 4 మిల్లీమీటర్ల అల్లిక సూదికి 5 మిల్లీమీటర్ల కొక్కెం తీసుకుంటే చైను వదులుగా పడుతుంది. చైను వెనక తిప్పి చూస్తే గింజల్లా బుడిపెలు వరసగా ఉంటాయి. ఒక్కో బుడిపెలోంచి స్టోలు దారాన్ని ఒక్కో కుట్టుగా సూది మీదికి లాగండి. ముందువైపు జడలాంటి పోగుల్లో గుచ్చితే తర్వాత చైను విడిపోదు, కత్తెరతో పీక్కోవలసి వస్తుంది.

చైను ముగించిన కొసకి గుర్తుగా ఒక ముడి వేసుకోండి. విడేది ఆ కొస నుంచే. ఒక వైపు పూర్తయ్యాక అక్కడ ముడి తీసి, ఒక్కో చైను విప్పుతూ బయటపడ్డ ఉచ్చుని వెంటనే సూదికి ఎక్కించండి. ఆత్రంగా మొత్తం లాగేస్తే ఉచ్చులు జారిపోతాయి. లెక్కపెడితే 59 వస్తాయి, కంగారు పడొద్దు. కింది వైపున దొరికేవి కుట్ల నడుమ ఉండే ఉచ్చులు. అంచున ఉన్న సగం ఉచ్చుని కూడా ఎత్తుకుంటే 60. ఈ సగం కుట్టు జరుగుడు వల్ల రిబ్ గీతలు కలవవు కాబట్టి మధ్యభాగం సాదాగా ఉంచండి.

ప్రశ్న (రాజోలు): గుండ్రటి సూదితో (రెండు మొనలని తీగతో కలిపిన సూది) మొదలుపెట్టాను. నాలుగు అంగుళాలు అల్లాక చూస్తే గొట్టం మెలితిరిగి ఉంది. సరిచేయొచ్చా?

జవాబు: కుదరదండి, విప్పాల్సిందే. మొదటి చుట్టు ముగిసేలోపు చూసుంటే ఆ కలిపిన చోట సూది చుట్టూ తిప్పి సరిచేయొచ్చు. ఈసారి ఒక వరుస అటూ ఇటూగా మామూలుగా అల్లి, అంచు అంతా కిందికి తిరిగి ఉందో లేదో బల్ల మీద పరిచి చూసి, అప్పుడు రెండు కొసలూ కలిపి చుట్టుగా అల్లండి. మిగిలే చిన్న చీలికని తోక దారంతో కుట్టేస్తే కనపడదు.