జూలో పుట్టిన బంగారు విషకప్పకు విషం ఎందుకు ఉండదంటే

మీ పాప ప్రాజెక్టులో "బంగారు విషకప్ప తన విషాన్ని తానే తయారుచేసుకుంటుంది" అని రాస్తే, టీచర్ "మరి జూలో పుట్టినవాటికి విషం ఎందుకు లేదు?" అని అడిగారన్నారు కదా. టెన్షన్ పడకండి, ఆ ఒక్క వాక్యం మారిస్తే చాలు.

నాగుపాము విషం దాని ఒంట్లోనే తయారవుతుంది. ఈ కప్పది అరువు విషం. కొలంబియా పసిఫిక్ తీరంలోని వానల అడవిలో తిన్న చిన్న పురుగుల నుంచి వచ్చినదాన్ని చర్మంలోని గ్రంథుల్లో దాచుకుంటుంది. పెంపకంలో పెట్టే పండు ఈగల్లో, కీచురాళ్లలో ఆ సరుకే ఉండదు. అడవి నుంచి పట్టి తెచ్చిన కప్పల్లో మాత్రం ఏళ్ల తరబడి మిగిలే ఉంటుంది. దూరాన న్యూగినీలో కొన్ని పెంకుపురుగుల్లో ఇదే విషం దొరికింది కాబట్టి, ఇక్కడా అనుమానం అలాంటి పురుగుల మీదే.

విషం పేరు బాట్రాకోటాక్సిన్. నరాల్లో, కండరాల్లో సోడియం లోపలికి వెళ్లే ద్వారాలుంటాయి. వాటిని ఇది మూసుకోనివ్వదు. దాంతో గుండె లయ తప్పి ఆగిపోతుంది. కప్ప చూస్తే 5 సెంటీమీటర్లే! అక్కడి ఎంబెరా అనే ఆదివాసీ తెగ వేటగాళ్లు ఊదుగొట్టంలో పెట్టే ముల్లును బతికున్న కప్ప వీపు మీద రుద్దేవారు, అంతే. వేరే మందు కలపక్కర్లేదు.

పసుపు రంగు గురించి కూడా ఒక వాక్యం రాయించండి. అది దాక్కోవడానికి కాదు, "నన్ను ముట్టుకోకు" అని శత్రువుకు చెప్పడానికి.