జీతాలకే డబ్బు అడుగు

గుంటూరు

చి. సౌజన్యకు,

బాబాయి ఆశీస్సులు. సింగ్ నగర్‌లో తండ్రి లేని పిల్లలకి తోడుగా మెంటర్లని కుదర్చడానికి, వాళ్ల తల్లులకి ఆసరాగా నిలవడానికి నువ్వు వేసుకున్న బడ్జెట్ చూశాను. సంచులు, టీషర్టులు, ట్యాబ్‌లే సగానికి పైన ఉన్నాయి. జీతాలు మాత్రం ఒక్క వరుసలో, అదీ భయపడుతూ రాసినట్టుంది. దాన్ని తిరగెయ్యి. సంచులిచ్చేవాళ్లు ఏ ఆగస్టు పదిహేనుకైనా దొరుకుతారు. నీ కార్యక్రమమంతా మనుషులే, గ్రాంటు అడగాల్సింది వాళ్ల కోసమే.

40 మంది పిల్లలు, ఇద్దరికొకరు చొప్పున 20 మంది మెంటర్లు అనుకో. సమన్వయకర్తకి నెలకి 22,000, ఇళ్లకి తిరిగే కార్యకర్తలు ఇద్దరికి 14,000 చొప్పున వేస్తే ఏడాదికి 6,00,000. మెంటర్ల ఆటో, బస్సు ఖర్చు తలా నెలకి 500 అంటే 1,20,000. శిక్షణకి 30,000. శనివారం టిఫిను బిడ్డకి 20 రూపాయల చొప్పున 48 వారాలకి 38,400. తల్లుల సమావేశాలకి 36,000, గది అద్దె 60,000, మొదట్లో చివర్లో పిల్లల వివరాలు సేకరించడానికి 20,000, ఆడిటుకి 25,000. మొత్తం 9,29,400. బిడ్డకి ఏడాదికి 23,235. ఈ చివరి అంకె నీకు నోటికి రావాలి, ఎవరైనా ముందు అడిగేది అదే.

ఇప్పుడు ఇచ్చేదెవరో చూద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే కంపెనీ సామాజిక బాధ్యత పనులకి, పెట్టాలి. సగటు 5 కోట్లయితే అది 10 లక్షలు, అంటే ఇంచుమించు నీ బడ్జెట్. కాబట్టి హైదరాబాదు, ముంబై పెద్ద కంపెనీల వెంట పడకముందు ఇక్కడి స్పిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతి కంపెనీల వైపు చూడు. సీఎస్‌ఆర్ బాధ్యత 50 లక్షలు దాటని కంపెనీకి ప్రత్యేక కమిటీ అక్కర్లేదు, బోర్డే నిర్ణయిస్తుంది. డైరెక్టరు ఒప్పుకుంటే పని సగం అయినట్టే. ఒకటి గమనించు: భాగస్వామ్య వ్యాపారాలకి ఈ చట్టం వర్తించదు. మిర్చి యార్డులో కొట్టు ఎంత పెద్దదైనా, అది కంపెనీ కాకపోతే అక్కడ అడగాల్సింది విరాళమే, చూపించాల్సింది 80జీ, అంటే ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు తెచ్చిపెట్టే నమోదు. నగదుగా ఇస్తే 2,000 దాటిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు, చెక్కే అడుగు.

జీతాల మాట ఎత్తగానే "అడ్మిన్ ఖర్చు ఐదు శాతం దాటకూడదండీ" అంటారు. వాదించకుండా నిబంధన చూపించు. ఆ ఐదు శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద పరిమితి. ప్రాజెక్టు అమలుకి, పర్యవేక్షణకి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. అందుకే నీ బడ్జెట్లో "సిబ్బంది జీతాలు" అని ఊరుకోకు. "ఇళ్ల సందర్శన, ఇద్దరు కార్యకర్తలు, నెలకి ఇంటికి రెండుసార్లు" అని రాయి.

ఫిబ్రవరిలో కొన్ని కంపెనీలవాళ్లు తామే ఫోన్ చేస్తారు. ఆ ఏడాది ఖర్చు కాని సొమ్ము ప్రభుత్వ నిధికి జమ చేయాల్సి వస్తుందని వాళ్ల కంగారు. మార్చి 31 లోపు తేల్చేయమంటే వద్దను. మెంటరు రెండు నెలలు కనిపించి మాయమైతే, బిడ్డకి అసలు రాకపోవడం కంటే అన్యాయం. బోర్డు దీన్ని "కొనసాగుతున్న ప్రాజెక్టు"గా ఆమోదిస్తే మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు. మిగిలిన సొమ్మూ ప్రత్యేక ఖాతాలో ఉంటుంది. లేఖలో ఆ మాట తప్పకుండా అడుగు.

కాకపోతే నువ్విప్పుడే నేరుగా సీఎస్‌ఆర్ తీసుకోలేవు. ఇలాంటి పనిలో సంస్థకి మూడేళ్ల అనుభవం, 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు), 80జీ, సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ సొమ్ము తీసుకునే సంస్థగా నమోదు) ఉండాలి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురితో రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేయించు. ఆశయాల్లో "విద్య, వైద్యం, పర్యావరణం" అని ఎవరిదో నకలు కొట్టకుండా పిల్లల మార్గదర్శనం, కుటుంబ సహాయం అని విడిగా రాయించు. పేరు రిజిస్ట్రేషన్‌లో, పాన్‌లో, బ్యాంకులో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఈలోగా అర్హత ఉన్న పాత సంస్థతో కలిసి నడువు. వాళ్ల సొమ్ము విదేశాలదైతే మాత్రం విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత నీ సంస్థకి బదిలీ చేయకూడదు, ముందే కనుక్కో.

ఇక కుటుంబాల చేతికిచ్చే నగదు కోసం గ్రాంటు అడగొద్దు. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద భర్త పోయిన తల్లి బిడ్డకి నెలకి 4,000 వస్తుంది. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000, పల్లెలో 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. ఎక్కువగా ఆగిపోయేది మరణ ధ్రువపత్రం దగ్గరో, ఆధార్‌లో పేరు తేడా దగ్గరో. ఆ కాగితాలు సరిచేయించడమే నీ కార్యకర్త పని, దాన్ని బడ్జెట్లో చూపించు. పది మందికి మంజూరైతే ఏడాదికి 4,80,000 నేరుగా ఆ ఇళ్లకి చేరుతుంది. దాత కళ్లు తెరుచుకునేది ఆ అంకె దగ్గరే.

ప్రపోజల్లో "పిల్లలు బడి మానేస్తున్నారు" అని రాస్తే ఎవరూ రెండో పేజీ తిప్పరు. హెడ్మాస్టరు అనుమతితో 8, 9 తరగతుల హాజరు పట్టీ చూసి, గత మూడు నెలల్లో వారానికి రెండు రోజులకి మించి గైర్హాజరైనవాళ్ల లెక్క తియ్యి. ఏడాది చివర మళ్లీ అదే పట్టీ చూపించు. "ఆత్మవిశ్వాసం పెరిగింది" అనేది కొలతకి నిలవదు.

మెంటర్లకి పోలీసు వెరిఫికేషన్, బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద ఫిర్యాదు ఎవరు చేయాలో రాసిన ఒక పేజీ, ఇవి లేకుండా ఒక్క బిడ్డనీ చేర్చుకోకు. ఇక లెక్కలు: ఒకరికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చుని ఆదాయపన్ను వాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఆటో ఖర్చులకి వోచరు మీద తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, సంతకం ఏ రోజుకారోజే పెట్టించు. నెలాఖరున ఒకే పెన్నుతో రాసిన 20 వోచర్లని ఆడిటరు చూడగానే పట్టేస్తాడు.

సంచులు తీసేసి బడ్జెట్ మళ్లీ వేసి, ఆశయాల చిత్తుప్రతితో కలిపి పంపు. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లేలోపు రెండూ చూసి పెడతాను.

ఇట్లు,
బాబాయి