నైట్ డ్యూటీ, వదలని ఫోన్, నిద్ర మాత్ర

ప్రశ్న: నా వయసు 29. ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సును. కాస్త ఖాళీ దొరికితే చాలు, రీల్స్ చూస్తున్నాను. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చినా మధ్యాహ్నం దాకా ఫోన్ వదలలేకపోతున్నా. నిద్ర కోసం రెండు నెలలుగా రోజూ అల్ప్రాజోలం 0.5 వేసుకుంటున్నా. కుడి బొటనవేలి మొదట్లో ఒకటే నొప్పి. ఇది ఫోన్ అడిక్షనా? నొప్పికి ఏ జెల్ మంచిది?
– ఓ సోదరి, వరంగల్

సలహా: జెల్ సంగతి తర్వాత చూద్దాం. నన్ను కంగారు పెట్టింది ఆ మాత్ర. అది ఎవరు రాసిచ్చారో మీరు చెప్పలేదు కాబట్టి సొంతంగానే వేసుకుంటున్నారని అనుకుంటున్నాను. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదని మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ పేషెంటు ఇలా చేస్తే ఊరుకుంటారా అమ్మా?

రోజూ వాడితే కొద్ది వారాల్లోనే శరీరం దానికి అలవాటు పడిపోవచ్చు. అలాగని ఇది చదివి ఈ రోజే మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, ఆందోళన పెరుగుతుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి, డోసు మెల్లగా తగ్గిస్తారు. గర్భం వచ్చే అవకాశం ఉన్నా, గురక ఉన్నా, మత్తు కలిగించే నొప్పి మాత్రలు వాడుతున్నా ఆ విషయం తప్పక చెప్పండి. మాత్ర మత్తు పూర్తిగా దిగకుండా డ్యూటీకి వెళ్లొద్దు. నరంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులో రేటు పెట్టేటప్పుడు ఒక్క సున్నా తేడా వస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

ఇక ఫోన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ (వీడియో గేముల వ్యసనం) ఉంది కానీ, ఫోన్ అడిక్షన్ అని విడిగా జబ్బు లేదు. పేరు ఏదైనా, ఇన్సులిన్ సిరంజీలోకి తీస్తుండగా ఫోన్ మోగితే మీ చెయ్యి అటు పోతోందా? పోతుంటే ఉపేక్షించకండి. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టండి, ఇంటివాళ్లకు వార్డు నంబరు ఇవ్వండి. గ్లవ్స్‌తో ముట్టుకున్న ఫోన్ మీ దిండు పక్కకే చేరుతోంది, అదీ గుర్తుంచుకోండి. పగలు పడుకునే గది చీకటిగా ఉండాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి.

బొటనవేలి నొప్పి డీకెర్వేన్స్ (మణికట్టు దగ్గర బొటనవేలిని కదిలించే స్నాయువుల సమస్య) కావచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. బొటనవేలితో స్క్రోలింగ్ ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి. బొటనవేలు కదలకుండా ఉంచే స్ప్లింట్‌తో చాలామందికి తగ్గుతుంది. నొప్పి మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టకండి.

ఒక మాట మీరు రాయలేదు, నేనే అడుగుతున్నా. మనసు దిగులుగా ఉంటోందా? ఐసీయూ టెన్షన్ మరిచిపోవడానికే ఫోన్ పడుతున్నారా? అయితే అదీ డాక్టరుకు చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.