‘నుంచి’ అంటే ఎప్పటి నుంచి?

ప్రశ్న: అయ్యా, ఒక కేంద్ర చట్టం కింద పంపిన నోటీసు జూన్ 5న నా చేతికి అందింది. ‘అందిన తేదీ నుంచి 30 రోజుల లోపల’ ఆఫీసులో జవాబు ఇవ్వాలని అందులో ఉంది. జులై 5 ఆదివారం. సోమవారం పట్టుకెళ్తే కౌంటర్లో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి, రెండు రోజులు లేటన్నారు. చట్టాలు మాలాంటి వాళ్లకు అర్థమయ్యేలా రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఆయన జూన్ 5ను కూడా లెక్కలో వేసుకున్నారు, తప్పంతా అక్కడే ఉంది. కేంద్ర చట్టాల్లో వాడే మాటలకు అర్థం చెప్పే చట్టం, 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ అని ఒకటుంది. కేంద్ర చట్టంలో ‘ఫ్రమ్’, అంటే ‘నుంచి’ అని ఉంటే ఆ మొదటి రోజును వదిలేయాలని దాని 9వ సెక్షన్. అంటే మీ ఒకటో రోజు జూన్ 6, ముప్ఫయ్యో రోజు జులై 5. ఆ రోజు ఆఫీసు మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున ఇచ్చినా గడువులో ఇచ్చినట్టేనని 10వ సెక్షన్. మీకు నోటీసు ఇచ్చిన చట్టంలోనే వేరే లెక్క చెప్పి ఉంటే అది చెల్లుతుంది, ఆ ఒక్కటీ చూసుకోండి. నోటీసు వచ్చిన కవరు మాత్రం పారేయకండి.

ఇక మీ అసలు ప్రశ్న. చట్టం రాసినవాళ్లు తికమకగా ఏమీ రాయలేదు. ‘నుంచి’కి అర్థం కచ్చితంగానే తేల్చారు. కాకపోతే తాళం ఒక చోట, చెవి ఇంకో చోట పెట్టారు. ‘అందిన రోజు లెక్కలోకి రాదు’ అని నోటీసులో ఒక్క ముక్క వేస్తే మీకు ఈ తిరుగుడు ఉండేది కాదు. ఆ జనరల్ క్లాజెస్ యాక్ట్‌లోనే నెల అంటే ఇంగ్లీషు క్యాలెండరు నెల అని కూడా రాసిపెట్టారు. నవ్వకండి, అలా రాయకపోతే అధిక మాసం పట్టుకుని వాదించేవాడు ఎవడో ఒకడు వచ్చేవాడే.

నేను ఇరవై ఆరేళ్లు ఈ ఊళ్లోనే కోర్టు కాగితాలు తర్జుమా చేశాను. ‘షల్’ కనిపిస్తే ‘వలెను’, ‘మే’ కనిపిస్తే ‘వచ్చును’. అక్కడిదాకా సులువే. ‘నో పర్సన్ షల్’ దగ్గరే చిక్కు. ఇంగ్లీషులో వద్దన్న మాట మొదట్లోనే పడిపోతుంది. మనకేమో క్రియ చివరికి గాని రాదు. మల్లేశ్వరంలో ఒక పెద్దాయనకు అద్దె కాగితం తెలుగులో చదివి వినిపించాను: ‘అద్దెదారు, యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా, ఇంటిని పూర్తిగా గాని, కొంత భాగం గాని, బంధువులకు గాని, ఇతరులకు గాని, ఎంత కాలానికైనను...’ ఆయన ప్రతి ‘గాని’కీ సంతోషంగా తల ఊపుతున్నాడు. ‘అద్దెకు ఇవ్వరాదు’ అనగానే ఊపడం ఆగిపోయింది. పక్క గది అప్పటికే బావమరిదికి ఇచ్చేశాడు.

అప్పటి నుంచి ఎంత పెద్ద సెక్షన్ అయినా ముక్కలు చేసి, ‘ఇవ్వరాదు’ను మొదటి వాక్యంలోనే పెడుతున్నాను. మా పై ఆఫీసరుకు అది నచ్చేది కాదు, మూలంలో ఒకే వాక్యం ఉందిగా అనేవారు.

మీరూ అర్జీలో మొదటి వాక్యం ‘గడువు దాటలేదు’ అనే రాయండి. సెక్షన్ల నంబర్లు దాని కింద. ఇచ్చాక మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.