ప్లాస్మాలో కార్బమజెపైన్: రికవరీ 60 శాతం దగ్గరే ఆగిపోతుంటే

తిరుపతిలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి అడిగిన ప్రశ్న: మూర్ఛకు వాడే మందు కార్బమజెపైన్‌ను కొలవడానికి 200 మైక్రోలీటర్ల ప్లాస్మాకు (రక్తంలోని ద్రవభాగం) ప్రోటీన్లను విడగొట్టే ద్రావణి అసిటోనైట్రైల్ 600 కలిపి, పైన తేలినదాన్ని 50 మైక్రోలీటర్లు హెచ్‌పీఎల్‌సీకి (ద్రవంలోని పదార్థాలను కాలమ్ అనే గొట్టంలో విడదీసి కొలిచే యంత్రం) ఎక్కిస్తే పీక్ (గ్రాఫ్‌లో మందును చూపే శిఖరం) రెండుగా చీలుతోంది, రికవరీ (కలిపిన మందులో తిరిగి చేతికొచ్చే వాటా) 60 శాతం దాటడం లేదు, సీ18 కాలమ్ మార్చాలా?

కాలమ్ జోలికి ఇప్పుడే పోవద్దమ్మా. ముందు శాంపిల్ తయారీ చూసుకో.

నీ మొబైల్ ఫేజ్‌లో, అంటే కాలమ్ గుండా పారే ద్రవంలో, అసిటోనైట్రైల్ 30 శాతం. నువ్వు ఎక్కించే ద్రవంలో 75 శాతం. అంత ఘాటైన ద్రావణిలో ఉన్న మందు కాలమ్‌కు సరిగ్గా అంటుకోదు. కొంత ముందే కొట్టుకుపోతుంది, మిగిలింది నిలుస్తుంది. పీక్ చీలేది అందుకే. తేటలో 200 తీసుకుని 300 నీళ్లు కలుపు, సరిగ్గా 30 శాతానికి వస్తుంది. మబ్బుగా మారితే మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి 20 మాత్రమే ఎక్కించు. మొత్తం పది రెట్లు పలచనైనా భయం లేదు. చికిత్సలో ప్లాస్మాలో ఉండాల్సిన గాఢత మిల్లీలీటరుకు 4 నుంచి 12 మైక్రోగ్రాములు, 285 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర అది బాగానే కనబడుతుంది.

ఇక రికవరీ. దేనితో పోల్చి 60 అంటున్నావో అదే అసలు ప్రశ్న. మూడు సెట్లు పెట్టు: ఒకటి, మందు ముందే కలిపిన ప్లాస్మా; రెండు, మందు లేని ఖాళీ ప్లాస్మాను శుద్ధి చేశాక చివరి గాఢత అంతే ఉండేలా మందు కలిపినది; మూడు, ఉత్త మొబైల్ ఫేజ్‌లో కలిపినది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తేనే నిజమైన రికవరీ. రెండోదే మూడోదానికంటే తగ్గితే తప్పు వెలికితీతలో లేదు, కొలతల్లోనో పలచన లెక్కలోనో ఉంది.

మొదటిదే తగ్గితే అసిటోనైట్రైల్ పోసే తీరు చూడు. ఒక్కసారిగా కుమ్మరిస్తే ప్రోటీన్ గడ్డకట్టి మందును లోపలే పట్టేసుకుంటుంది. ట్యూబు వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కుదిపే యంత్రం) మీద తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వెయ్యి, మరో నిమిషం తిప్పి, సెంట్రిఫ్యూజ్‌లో 10,000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు పెట్టు. పైపెట్ టిప్పును ముందుగా అసిటోనైట్రైల్‌తో రెండు మూడుసార్లు తడుపు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ లేని గదిలో అది ఆవిరై టిప్పు నుంచి కారిపోతుంటుంది, 600 అనుకున్నది తక్కువే పడుతుంది. కాలమ్ ఓవెన్‌కు చల్లబరిచే ఏర్పాటు లేకపోతే 30 డిగ్రీలు పెట్టి లాభం లేదు, 40 పెట్టు. లేదంటే పీక్ వచ్చే సమయం పొద్దునొకలా, మధ్యాహ్నమొకలా ఉంటుంది.

ఇంటర్నల్ స్టాండర్డ్ (ప్రతి శాంపిల్‌లో ఒకే మొత్తంలో కలిపే పోలిక పదార్థం) అసిటోనైట్రైల్‌కంటే ముందే ప్లాస్మాలో పడాలి, తర్వాత వేస్తే వెలికితీతలో జరిగిన నష్టాన్ని సరిచేయదు. మందు స్టాక్ మెథనాల్‌లో ఉంటే 200 ప్లాస్మాకు 10 మించనివ్వకు. కాలిబ్రేషన్ (తెలిసిన గాఢతలతో కొలతను సరిచూసుకోవడం) కూడా ఖాళీ ప్లాస్మాలోనే, కనీసం ఆరు గాఢతలు. శాంపిళ్లలో మందును కొలిచే పద్ధతులకు 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ ఎం10 ప్రకారం, అసలు గాఢతకూ కొలిచినదానికీ తేడా 15 శాతం లోపు ఉండాలి, అన్నిటికంటే కింది గాఢతకు 20 దాకా పర్వాలేదు.

రోగుల శాంపిళ్లకు వచ్చేసరికి వార్డులో ముందే చెప్పిపెట్టు: పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి, జెల్ ఉన్న ట్యూబు వద్దు, రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబు ఇవ్వండని. జెల్ కార్బమజెపైన్‌ను కొంత పీల్చుకుంటుంది. అక్కడ పోయినదాన్ని ఏ ఇంటర్నల్ స్టాండర్డూ తిరిగి తేలేదు.